ఆ రోజు పడిన వాన

దారం మిల్లు కార్మికుల ఇళ్లు, చివరి వరస
జూలై, మూడో ఆదివారం

పెద్దమ్మకి,

నీ పద్యం మా మిల్లు గేటుకి వేలాడుతోంది. ఈ మాట ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఈమధ్య నీ ఫోన్ సాంస్కృతిక శాఖ కార్యదర్శి ఎత్తి ఎవరు, ఏ విషయం, ఎంతసేపు అని ఆరా తీస్తున్నాడు. ఒకవేళ నువ్వే ఎత్తినా మధ్యలో నవ్వుతావు. నువ్వు నవ్వితే నా కోపం నీరుగారిపోతుందని నీకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు. కాగితం ముందు ఎంత నవ్వుకున్నా నాకు వినపడదు, అందుకని రాస్తున్నాను.

గేటుకి అడ్డంగా కట్టిన తెల్లగుడ్డ మీద నీలం అక్షరాలతో రాయించారు. పైన 'మన ఆస్థాన కవి అశ్రునివాళి' అని, అడుగున మిల్లు ముద్ర, మధ్యలో నీ నాలుగు పాదాలు.

వాన వచ్చి తలుపు తట్టింది,
అలసిన చెల్లెళ్లు లేచి వెళ్లారు.
ఎందుకని ఎవరినీ అడక్కండి,
మబ్బుకి కూడా కూతుళ్లు కావాలి.

బాగుంది. బాగుందనే నా మంట. చెత్తగా ఉంటే ఎవరూ చదివేవాళ్లు కాదు. పొద్దున షిఫ్టుకి వెళ్లే ఆడవాళ్లు గుడ్డ కింద ఒక్క నిమిషం ఆగి, కళ్లు తుడుచుకుని లోపలికి పోతున్నారు. చదవడం రానివాళ్లకి కూడా నోటికొచ్చేసింది. గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన నీకన్నా బాగా రాగం తీస్తాడు.

ఆ రోజు సంగతి నువ్వు ఫోన్‌లో విన్నావు తప్ప చూడలేదు కాబట్టి చెప్తాను. కండెలు చుట్టే సెక్షన్ వెనక ఆడవాళ్లు అన్నం తిని కాసేపు నడుం వాల్చే షెడ్డు ఒకటి ఉంది. రంగుల సెక్షన్‌కి నీళ్లు చాలడం లేదని ఎండాకాలంలో ఆ షెడ్డు కప్పు మీద పెద్ద ట్యాంకు ఎక్కించారు. గోడ పగిలింది. పగిలిందని అమ్మా వాళ్లూ సూపర్‌వైజర్‌కి చెప్పారు. ఆయన సున్నం కొట్టించాడు. మళ్లీ పగిలింది, మళ్లీ సున్నం. ఆ మధ్యాహ్నం ట్యాంకు నిండుగా ఉంది. కప్పు, గోడ, ట్యాంకు అన్నీ కలిసి ఆరుగురి మీద పడ్డాయి. ఒక్కరూ బతకలేదు. అమ్మ క్యారేజీ కడుక్కోవడానికి గుమ్మం దాటుతోంది కాబట్టి ఆమె కుడిచెయ్యి ఒక్కటే లోపల ఉండిపోయింది.

అప్పుడు చినుకులు పడుతున్న మాట నిజమే.

కలిసి వెళ్లి మేనేజరు గారిని అడిగాం, ట్యాంకు ఎవరు పెట్టమన్నారని. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, నా వంక చూసి ఎంతో మర్యాదగా అన్నాడు, "మీ పెద్దమ్మగారే రాశారు కదమ్మా, వాన తీసుకుపోయిందని. అంతకన్నా మేమేం చెప్తాం?"

నా వెనక పదిమంది ఆడవాళ్లున్నారు. వాళ్ల కోపం అక్కడికక్కడే చల్లారిపోవడం నా వీపుకి తెలిసింది. మడత సెక్షన్ అక్క, ఆ షెడ్డులో కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, పోదాం పదమని నా చెయ్యి పట్టుకుంది.

పెద్దమ్మా, నాకు కావలసింది చిన్న పని. అది వాన కాదని నువ్వు ఒక్క మాట చెప్పు. పత్రికలో చెప్తావో రేడియోలో చెప్తావో నీ ఇష్టం. నీ మాటని నీ మాటే కొట్టగలదు. మా మాటకి ఆ బలం లేదు.

నీ చిటపట

*

ఆస్థాన కవి నివాసం, కొండ మీది వీధి
జూలై చివర

చిటపటకి,

ఇక్కడ రెండు రోజులుగా ముసురు. కిటికీ అద్దం మీద నీళ్లు కిందికి జారకుండా అక్కడే నిలబడి ఆలోచిస్తున్నట్టున్నాయి. నీ ఉత్తరం ఆ కిటికీ దగ్గరే కూర్చుని చదివాను. నవ్వలేదులే.

నువ్వు బీఏలో సాహిత్యం చదివావు. పద్యానికీ పోలీసు రిపోర్టుకీ తేడా నీకు నేను చెప్పాలా? వాన తలుపు తట్టిందంటే వాన మీద కేసు పెట్టమని అర్థం కాదు. దుఃఖం నిలబడడానికి కాస్త చోటు చూపించాను. ఆ ఆడవాళ్లు గేటు దగ్గర ఆగి ఏడుస్తున్నారని నువ్వే రాశావు. పద్యం చేయగలిగింది అది. మిగతాది మేనేజరు తెలివి. ఎవడో దొంగ నా గొడుగు వేసుకుని పోతే గొడుగుదా తప్పు?

నేను ఈ కుర్చీలోకి ఎలా వచ్చానో మర్చిపోయినట్టున్నావు. రేడియోలో వాతావరణం చదివే ఉద్యోగం నాది. పొడి గాలులు, ఒక మోస్తరు వర్షం, తీరం వెంబడి హెచ్చరిక. విసుగొచ్చి ఒకరోజు చివర్లో సొంతంగా రెండు పాదాలు చేర్చాను. స్టేషన్ డైరెక్టర్ గదిలోకి పిలిచి చీవాట్లు పెట్టాడు. మర్నాటి నుంచి శ్రోతల కార్డులు బస్తాలతో వచ్చాయి, ఆ రెండు పాదాలు ఏవని. బస్సు డ్రైవర్లు, నర్సులు, జైల్లో ఉన్నవాళ్లు రాశారు. అదే డైరెక్టర్ నాకు కుర్చీ మార్పించాడు, మెత్తనిది. అక్కడి నుంచి ఇక్కడికి పాతికేళ్లు. నాకు ముందు నలుగురు ఆస్థాన కవులు, నలుగురూ మగవాళ్లే. అందరూ పాలకుల్ని సూర్యుడితో పోల్చారు. నేనొక్కదాన్నే మామూలు మనుషుల గురించి రాశాను. వంతెన తెరిస్తే వంతెన మీద కాదు, దాన్ని కట్టినవాళ్ల చెమట మీద రాశాను. ఆసుపత్రి తెరిస్తే నేల తుడిచే మనిషి మీద రాశాను.

నా పద్యం ఆకాశంతో మొదలవుతుంది. అందరి నెత్తినా ఉండేది అదే కదా.

మిల్లు ఆవరణలో స్మారకం కడుతున్నారు. నల్లరాయి మీద ఆ నాలుగు పాదాలూ చెక్కుతారట. అక్టోబరులో ఆవిష్కరణ, నేనే వచ్చి చదవాలి. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోపు స్కూల్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. ఆ టీచరు ఉద్యోగానికి నీ పేరు చెప్పింది నేను.

అన్నట్టు మీ అమ్మ నాతో ఒక్క మాట కూడా అనలేదు. నీకున్న కోపం ఆమెకి లేదు.

పెద్దమ్మ

*

కార్మికుల ఇళ్లు, చివరి వరస
ఆగస్టు, రెండో వారం

పెద్దమ్మకి,

నీ ఉత్తరం కూడా వానతోనే మొదలైంది. గమనించావా?

స్కూల్లో గొడవ పెట్టుకోవద్దన్నావు, పెట్టుకున్నాను. ఆవిష్కరణ రోజున పిల్లలందరూ వరసల్లో నిలబడి నీ పద్యం చెప్పాలట. ముప్పైమంది గొంతులు ఒకేసారి లేవాలట. నా క్లాసుకి నేర్పించమన్నారు. నా క్లాసులో మూడో బెంచీ మీద మడత సెక్షన్ అక్క చిన్నకూతురు కూర్చుంటుంది. ఎందుకని ఎవరినీ అడక్కండి అని ఆ పిల్ల చేత బట్టీ పట్టించమంటారా అని హెడ్మాస్టరమ్మని అడిగాను. పద్యంలో తప్పేముంది, మీ పెద్దమ్మదే కదా అంది. నేర్పను అన్నాను. శనివారం నా హాజరు రిజిస్టరు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయింది. నువ్వు చెప్పి ఇప్పించిన ఉద్యోగం నీ పద్యం వల్ల పోయింది. లెక్క సరిపోయింది, నేను నీకు బాకీ లేను.

అసలు విషయం అది కాదు. విచారణ అధికారి వచ్చాడు, రిటైరైన జడ్జి. మిల్లు ఆఫీసు మేడ మీద గది ఇచ్చారు. షెడ్డు పడ్డప్పుడు అక్కడుండి బతికి బయటపడింది అమ్మ ఒక్కతే. గోడ, ట్యాంకు ఎలా పడ్డాయో కళ్లారా చూసి చెప్పగలిగిన మనిషి ఇంకెవరూ లేరు. అమ్మకి పిలుపు వచ్చింది. అమ్మ వానే అని చెప్తానంటోంది.

మూడు రోజులు పోరాడాను. గిన్నెలు విసిరాను కూడా, నీ దగ్గర దాచడం దేనికి. నాలుగో రోజు ఎడమచేత్తో బట్టలు పిండుతూ అమ్మ నోరు విప్పింది.

"అక్క వాన అని రాసింది. రాష్ట్రమంతా చదివింది. ఇప్పుడు నేను పోయి కాదు, ట్యాంకు అంటే, అక్క ఏమవుతుంది? సొంత చెల్లెలే అబద్ధాలకోరని నిలబెట్టిందంటారు. ఆ కుర్చీ కోసం తను ఎంత కష్టపడిందో నువ్వు చూడలేదు, నేను చూశాను."

ఆమెకి కోపం లేదని రాశావు కదా. కోపం ఉంది. నీ మీద ప్రేమ దాని మీద కూర్చుని లేవనివ్వడం లేదు.

నీ గొడుగు దొంగ సంగతికి వస్తాను. దొంగ గొడుగు ఎత్తుకుపోయాడంటే ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ దొంగని పిలిచి గొడుగు నువ్వే విప్పి పట్టుకున్నావు, తడవకుండా. వాన కారణం కాదని నీకు ఇప్పుడు తెలుసు. నా మొదటి ఉత్తరం అందినప్పటి నుంచీ తెలుసు. తెలిశాక కూడా రాయి చెక్కనిస్తున్నావు.

ఒక్క మాట చెప్పు. రాసే ముందు నువ్వు ఎవరినైనా ఏమైనా అడిగావా?

చిటపట

*

కొండ మీది వీధి
ఆగస్టు చివర

చిటపటకి,

ఎండ. తారు కరిగి చెప్పులకి అంటుకునే ఎండ. దానికి తోడు నీ ఉత్తరం.

నా మీద తీర్పులు రాసే వయసు నీకు వచ్చిందని నాకెవరూ చెప్పలేదు. దొంగకి గొడుగు పట్టానా? నీకు అక్షరాలు దిద్దించింది ఈ చెయ్యి. ఈ పదవిలో ఒక ఆడది ఒక్కరోజు కూర్చుంటే చాలు, దింపడానికి ఎంతమంది నిలబడి ఉంటారో తెలుసా నీకు? ప్రతి సభలో నా చీర గురించి మాట్లాడతారు, పద్యం గురించి మాట్లాడరు. పదవీకాలం ఈ అక్టోబరుతో ముగుస్తుంది. ఆవిష్కరణ వేదిక మీదే పొడిగింపు ప్రకటిస్తారట. ఆ రోజు నేను పోయి 'పొరపాటు రాశాను' అంటే ఇంకో యాభై ఏళ్లు ఏ ఆడదాన్నీ ఇక్కడ కూర్చోనివ్వరు. అది ఆలోచించావా?

ఎవరినైనా అడిగావా అని అడిగావు. సరే, విను. దాచాలనుకున్నాను, నీ నోటికి తట్టుకోలేక చెప్తున్నాను. ఆ పద్యం నేను రాయాలనుకోలేదు. శాఖ అడిగింది, కుదరదన్నాను. నన్ను రాయమన్నది మీ అమ్మ. మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఇక్కడెవరికీ ఏడుపు రావడం లేదక్కా, అందరూ రాళ్లలా కూర్చున్నారు, ఏడ్చేలా ఏదైనా రాయి అంది. దాని గొంతు ఎన్నడూ అలా వినలేదు నేను. వాన పడుతోందా అని అడిగాను. పడుతోంది, చినుకులు అంది. అంతే. ఇంకేం అడగలేదు. నా పద్ధతి అది, రేడియో రోజుల నుంచీ అదే. ఆ రోజు ఆకాశం ఎలా ఉందో తెలిస్తే మిగతాది నా చేతికి వస్తుంది. గంటలో రాసి పంపాను.

ఇప్పుడు చెప్పు, ఎవరి మీద అరుస్తావో. ముందు పోయి మీ అమ్మని అడుగు, తర్వాత నాకు పాఠం చెప్పు.

పెద్దమ్మ

*

కార్మికుల ఇళ్లు, చివరి వరస
సెప్టెంబరు, మూడో వారం

పెద్దమ్మకి,

అడిగాను. నీ ఉత్తరం మొత్తం పైకి చదివి వినిపించాను, నా మీద తిట్లతో సహా. చీర దగ్గర అమ్మ కాస్త నవ్వింది. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. గోడ వంక చూసింది. మా ఇంటి గోడకి కూడా సున్నమే.

తర్వాత అన్న మాట అన్నట్టుగా రాస్తున్నాను. "నేను అక్కని ఏడుపు అడిగాను. కారణం అడగలేదు. కారణం నా దగ్గరే ఉంది."

లేచి పైట సర్దుకుని, విచారణ ఏ రోజో మళ్లీ చెప్పమంది.

గురువారం వెళ్లాం. మేడ మీద గది, కిటికీలు మూసే ఉన్నాయి. పొడుగు బల్లకి ఆ చివర అధికారి, పక్కన మిల్లు తరఫు లాయరు, గోడ వెంబడి మేమూ. గోడ ఎప్పుడు పగిలిందో గుర్తుందా అని అధికారి అడిగాడు. తేదీలు అమ్మకేం తెలుస్తాయి? లాయరు అప్పుడే చిరునవ్వు నవ్వాడు. అమ్మ చెప్పిన జవాబు నాకు కూడా అదే మొదటిసారి వినడం.

"ఆ పగుల్లోనే మేం మా సామాన్లు పెట్టుకునేవాళ్లమండీ. షెడ్డులో అలమర లేదు. ట్యాంకు ఎక్కించిన కొత్తలో తలపిన్నులు పట్టేవి. కొన్నాళ్లకి దువ్వెన పట్టింది. సున్నం కొట్టినప్పుడల్లా పిన్నులు లోపలే ఉండిపోయాయని తిట్టుకునేవాళ్లం. ఆ వారం చేతి అద్దం నిలువుగా దూరింది. పిల్ల అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంటుంటే ఇంక అలమర వచ్చేసింది మనకి అని అందరం నవ్వాం."

పిల్ల అంటే మడత సెక్షన్ అక్క పెద్దకూతురు. అక్క నా పక్కనే ఉంది. ఆమె ఏడవలేదు. పళ్లు బిగించింది. ఆ బిగువు కోసం రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాను పెద్దమ్మా. నీ పద్యం తీసుకుపోయింది దాన్నే.

వాన సంగతి అడిగాడు అధికారి. తీగ మీద ఆరేసిన తువ్వాళ్లు కూడా తీయలేదండీ, ఆ పాటి చినుకులే అంది అమ్మ. ఆయన తల ఊపి రాసుకున్నాడు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

లాయరు లేచి జేబులోంచి కాగితం తీశాడు. నీ పద్యం. రాగం తీయకుండా, సరుకుల చీటీ చదివినట్టు చదివాడు. ఇది మీ అక్కగారు రాసిందేనా అన్నాడు. అవునండీ. ఆమెకి ఆ రోజు సంగతి చెప్పింది మీరేనా? అవునండీ. వాన పడుతోందని చెప్పారా? అమ్మ నా వంక చూసింది. చెప్పానండీ అంది. ట్యాంకు అని చెప్పారా? అడగలేదండీ, చెప్పలేదు. ఆయన చేతులు చాపి అధికారి వైపు తిరిగాడు. ప్రమాదం మర్నాడు, ఎవరి ఒత్తిడీ లేనప్పుడు, సొంత అక్కకి చెప్పిన మాట వాన, రెండు నెలల తర్వాత, కూతురు ఉద్యోగం పోయాక, చెప్తున్న మాట ట్యాంకు అన్నాడు. వెనక గుమస్తాలు నవ్వారు.

మీ అక్కగారు అబద్ధం రాశారంటారా అని చివరికి అడిగాడు. అమ్మ ఎడమచేత్తో కుడిచేతి కట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"మా అక్క ఆ రోజు ఇక్కడ లేదండీ," అంది.

నీ పద్యం రికార్డులో చేర్చారు, దానికో నంబరు వేసి. ఆస్థాన కవి రచన కాబట్టి దానికో విలువ ఉందట. తర్వాతి వాయిదా ఆవిష్కరణ అయ్యాక, నవంబరులో.

నేను నీకు ఇంకేం రాయను. అమ్మ నిన్ను అక్కడ కూడా కాపాడింది. ఆ సంగతి నీకు తెలియాలనే ఈ ఉత్తరం.

చిటపట

*

బస్టాండు ఎదుట, స్నేహితురాలి మేడగది
అక్టోబరు చివర

చిటపటకి,

ఆ రోజు నిన్ను గేటు లోపలికి రానివ్వలేదని తెలిసింది. బయట లౌడ్‌స్పీకర్లో కొంత విని ఉంటావు. అది ఆగిపోయాక నేనేం అన్నానో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. నా గురించి పత్రికల్లో వచ్చింది నమ్మకు. మతి చలించిందని ఒకడు, ప్రతిపక్షం కొనేసిందని ఇంకొకడు.

నీ ఉత్తరం చదివి నేను మారిపోయానని అనుకోకు. చదివి మడిచి డ్రాయర్లో పెట్టాను. నీ మీద ఒళ్లు మండి అన్నం తినలేదు, అంతే. మర్నాడు కార్యదర్శి ఫోన్ చేశాడు. ఉత్సాహంగా ఉన్నాడు. "మీ పద్యం విచారణలో భలే పనికొచ్చిందట మేడమ్," అన్నాడు.

ఇన్నేళ్లలో నా పద్యాన్ని బాగుందన్నారు, బాగోలేదన్నారు. పనికొచ్చిందని ఎవరూ అనలేదు. ఫోన్ పెట్టేశాక ఆ మాట గదంతా తిరిగింది. నువ్వు అన్న గొడుగు మాట కూడా దానితో కలిసింది. కూర్చోలేకపోయాను. వాతావరణ కేంద్రంలో నా పాత సహోద్యోగి ఇంకా ఉన్నాడు, అతన్ని అడిగాను, ఆ రోజు మీ వైపు ఎంత వాన పడిందని. చూసి చెప్పాడు, కొలతకి రాలేదు, వాన కొలిచే గొట్టం అడుగు తడిసిందంతే అని. ఈ ఒక్క ఫోన్ నేను జూలైలో చెయ్యాల్సింది. జీవితమంతా వాతావరణం చదివి, ఆ ఒక్క రోజు వాతావరణం చూసుకోలేదు.

వేదిక మీద మంత్రి, మిల్లు యజమాని, కార్యదర్శి. నల్లరాయి మీద తెల్లగుడ్డ. పిల్లలు వరసల్లో నిలబడి నా పాదాలు చెప్పారు. నీ మూడో బెంచీ పిల్ల ఎవరో నాకు తెలియదు. కానీ రెండో వరసలో ఒక పిల్ల పెదవులు కదపలేదు.

నన్ను పిలిచారు. పద్యం కాగితం తీయలేదు. నా పాత గొంతు తీశాను, రేడియో గొంతు. జనం గుర్తుపట్టి నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. ఇవి ఈ రోజు వాతావరణ విశేషాలు కావు, ఆ రోజువి అన్నాను. ఆకాశంలో చెదురుమదురుగా మబ్బులు, గాలి లేదు, ఉరుము లేదు, వాన కొలతకి రాలేదు అన్నాను. మిల్లు ఆవరణలో తీగ మీది తువ్వాళ్లు తీయవలసిన అవసరం కలగలేదు అన్నాను. విశ్రాంతి షెడ్డు మీద నీళ్లతో నిండిన ట్యాంకు, దాని కింద గోడకి చేతి అద్దం పట్టేంత పగులు అనేసరికి మైకు పోయింది. నువ్వు విన్నది అంతవరకే అయుంటుంది.

తర్వాత అరిచాను. రేడియో మనిషికి అరవడం రాదు, గొంతు చీలిపోయింది. నేను రాసిన వానకి వీళ్ల చావుతో ఏ సంబంధమూ లేదు, ఎందుకని ఎవరినీ అడక్కండి అని రాశాను, అది నేను రాయకూడని పాదం, అడగండి, ఇదిగో ఇక్కడే కూర్చున్నారు, వీళ్లని అడగండి అన్నాను. మంత్రి వాచీ చూసుకున్నాడు. కార్యదర్శి నా మోచెయ్యి పట్టుకున్నాడు, వృద్ధురాలికి మెట్లు దింపే మర్యాదతో. ఒక్క మనిషి లేచింది. నా వయసుకి పదేళ్లు తక్కువ ఉంటాయేమో, జబ్బకి మిల్లు గుర్తున్న సంచీ ఉంది. లేచి నేరుగా యజమాని కుర్చీ ముందుకి వచ్చి నిలబడి, ట్యాంకు ఎవరు పెట్టమన్నారు అని అడిగింది. మెల్లిగానే అడిగింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొందరు. మీ మడత సెక్షన్ అక్క ఆమే అనుకుంటాను.

రాయి మీది గుడ్డ ఎవరూ తీయలేదు. ఇప్పటికీ కప్పే ఉందట.

పొడిగింపు లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు, చేశాను. నా తర్వాత వచ్చేవాడు సూర్యుడి మీద రాస్తాడు, రాసుకోనీ. నీ మీద కోపం ఇంకా ఉంది, చెప్తున్నాను. నువ్వు చెప్పింది నిజం కావడం వేరు, చెప్పిన తీరు వేరు.

వాయిదా రోజు నేను వస్తాను. విచారణ గదిలో నిలబడి చెప్తాను, చెల్లెల్ని నేను వాన గురించి తప్ప ఇంకేం అడగలేదని. ఆ నంబరు వేసిన కాగితం పక్కన నా మాట కూడా రాసుకోమంటాను. పొద్దున బస్సుకి బయలుదేరితే అందుకుంటానా? మీ అమ్మకి చెప్పు.

పెద్దమ్మ

*

కార్మికుల ఇళ్లు, చివరి వరస
నవంబరు, మొదటి రోజులు

పెద్దమ్మకి,

పొద్దున బస్సు ఆలస్యంగా వస్తుంది. ముందురోజే రా. మా ఇంట్లో మంచం ఒకటే, నేను కింద పడుకుంటాను. ఈ ఇల్లు కూడా ఖాళీ చెయ్యమని నిన్న కాగితం అంటించి పోయారు. వాయిదా అయ్యేదాకా కదిలేది లేదని అమ్మ ఆ కాగితం మీదే కూరగాయలు తరుగుతోంది, ఎడమచేత్తో.

నా కోపం కూడా అలాగే ఉంది. నువ్వు అరిచావని విని సంతోషించాను, కానీ అది వేరే లెక్క.

వచ్చేటప్పుడు పద్యాలేవీ తేకు. గుమ్మంలోకి రాగానే ఇక్కడ వాన ఉందా, ఎండ ఉందా అని మొదలుపెట్టకు. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. జూలైలో ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన రోజు దగ్గర్నుంచి ఈ మొన్నటి ఉత్తరం దాకా, అమ్మ చెయ్యి ఎలా ఉందని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు.

మూడు వేళ్లు కదలడం లేదు. తెగిన దారం ముడి వేసేది ఆ వేళ్లతోనే. ఇంక మిల్లులో ఆమెకి పని లేదు.

నేను చెప్పినట్టు అమ్మకి తెలియనివ్వకు. నువ్వే వచ్చి అడుగు.

చిటపట